నెల్లూరులో ఇల్లు అద్దెకివ్వాలంటే: బోర్డు కట్టే ముందు నుంచి అడ్వాన్స్ తిరిగిచ్చే దాకా

వేదాయపాలెంలోనో, హరనాథపురంలోనో రెండంతస్తులు కట్టుకుని పైన రెండు పోర్షన్లు అద్దెకిద్దామనుకుంటున్నారా? లేదా పిల్లలు అమెరికాలో ఉండడంతో వాళ్ల ఫ్లాటు బాధ్యత మీ నెత్తిన పడిందా? ఏదైనా సరే, తాళంచెవి మీ చేతిలో ఉన్నంతవరకే మాట మీది. అది చేతులు మారాక మోటారు వేసే టైము దగ్గర్నుంచి స్కూటరు పెట్టే చోటు దాకా ప్రతిదీ బతిమాలో, గొడవపడో తేల్చుకోవాలి. అందుకే ఓనరు పనిలో ముప్పాతిక భాగం టు-లెట్ బోర్డు కట్టకముందూ, అడ్వాన్స్ పుచ్చుకునే రోజూ పూర్తి కావాలి. ఆ వరుసలోనే చెప్తాను.

బోర్డు కట్టే ముందు

మన ఊరికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. స్లాబు ఉరుస్తోందన్న సంగతి నవంబరులో తెలిస్తే ఎవరేం చేయలేరు. తడి స్లాబు మీద ఏ కెమికల్ పూసినా పట్టదు, మేస్త్రీలూ దొరకరు. కాబట్టి పోర్షన్ ఖాళీగా ఉన్నప్పుడే, అదీ ఎండాకాలంలో, ఒక పరీక్ష చేయండి. డాబా మీద వాననీళ్లు పోయే గొట్టాన్ని గోనెగుడ్డతో బిగించి, రెండు అంగుళాలు నీళ్లు నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి లోపలికెళ్లి ఫ్యాను కొక్కెం చుట్టూ, బాత్‌రూమ్ పక్క గోడ మీద, పిట్టగోడ కింద స్లాబు కలిసే మూల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగిలితే అక్కడ చిట్లు ఉన్నట్టే. ముందు దాన్ని పూడ్చి, పూత వేయించి, ఆ తర్వాతే లోపల పెయింట్ వేయించండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. లోపల రంగులు వేసి ఇల్లు చూపిస్తారు, మొదటి వానకే పెచ్చులు లేస్తాయి, వచ్చిన రెండో నెలలోనే టెనెంటుతో మొహమాటం మొదలవుతుంది.

2015 నవంబరు వానల్లోనూ, 2021 నవంబరు పెన్నా వరదలోనూ మీ వీధిలోకి నీళ్లు వచ్చి ఉంటే ఆ మాట దాచకండి. కింద పోర్షన్‌కి ఎంత ఎత్తున వచ్చాయో చెప్పి, మంచాలూ బీరువాలూ ఎత్తు మీద పెట్టుకోమనండి. దాస్తే ఎదురింటి వాళ్లో, వీధి చివర కిరాణా కొట్టతనో వారంలో చెప్పేస్తారు. ఆ రోజు నుంచి మీరు ఏం చెప్పినా నమ్మరు.

తర్వాత కరెంటు. ప్రతి పోర్షన్‌కీ విడి మీటరు ఉండాల్సిందే. సబ్ మీటరు పెట్టి ‘యూనిట్‌కి ఇంత’ అని వసూలు చేస్తే ప్రతి నెలా పంచాయితీయే. మన దగ్గర వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. రెండు కుటుంబాలు చెరో 150 యూనిట్లు వాడితే, ఒకే మీటరు మీద 300 అయి చివరి యూనిట్లకి పై శ్లాబు రేటు పడుతుంది. ఆ ఎక్కువ మొత్తం ఎవరు కట్టాలన్న దానికి సమాధానం లేదు. బోరు మోటారు ఏ మీటరు మీద నడుస్తోందో కూడా చూసుకోండి. కింది వాళ్ల మీటరు మీద మోటారు తిరుగుతూ పై వాళ్లకి నీళ్లు ఎక్కుతుంటే ఆ ఇంట్లో ఇరుగుపొరుగు సఖ్యంగా ఉండలేరు. మోటారు, మెట్ల లైట్లు మీ మీటరుకి కలిపి, నెలకి ఇంతని మెయింటెనెన్స్ తీసుకోవడం అన్నిటికంటే హాయి.

ఎప్పుడు బోర్డు కట్టాలన్నది కూడా ముఖ్యమే. ఉదయగిరి, ఆత్మకూరు, పొదలకూరు వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చేవాళ్లు మేలో ఇళ్లు వెతుక్కుని, బళ్లు తెరిచేలోగా దిగిపోతారు. ఆ తర్వాత ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో, మూఢంలో పాలు పొంగించేవాళ్లు తక్కువ. జూన్ చివర్లో ఖాళీ అయిన ఇంటికి శ్రావణం దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. పట్టింపు మీకు లేకపోవచ్చు, వచ్చేవాళ్లకి ఉంటుంది. అలాంటప్పుడు అద్దె దగ్గర బిగుసుకోకండి. 10,000 చెప్పిన ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 10,000. అదే నెలకి 500 తగ్గిస్తే ఏడాది మొత్తానికి పోయేది 6,000. కావాలంటే శూన్యమాసంలోనే అడ్వాన్స్ పుచ్చుకుని, మంచిరోజు చూసుకుని దిగమనండి. అద్దె ఏ తేదీ నుంచి లెక్కో మాత్రం ఆ రోజే తేల్చుకోవాలి.

ఎవరికివ్వాలి

పొగతోట ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు, కృష్ణపట్నం వైపు ఉద్యోగాలకి వెళ్లొచ్చేవాళ్లు, పిల్లల్ని చదివించుకోవడానికి వచ్చిన ఊళ్లవాళ్లు, నలుగురు కలిసి ఉండే బ్యాచిలర్లు. సాధారణంగా మన గుమ్మం ఎక్కేది వీళ్లే. అందరినీ ఒకే నాలుగు సంగతులు అడగండి: ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని, అద్దె ఎవరి జేబులోంచి వస్తుంది, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు. చివరి ప్రశ్నకి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. ‘ఓనర్ మంచోడు కాదన్నా’ అన్న మాట ఒకసారి నిజం కావచ్చు. గత మూడిళ్ల ఓనర్లూ మంచోళ్లు కాకపోతే అనుమానించాల్సిందే.

పాత ఓనరుకి ఫోన్ చేయమని అందరూ చెప్తారు. నేనైతే అంతకుముందు ఓనరుకి చేయమంటాను. ఇప్పుడున్న ఓనరుకి వీళ్లు త్వరగా ఖాళీ చేస్తే చాలు, కాబట్టి బంగారం లాంటి మనుషులంటాడు. రెండేళ్ల క్రితం వదిలేసిన ఇంటాయనకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

కులం అడిగి, తిండి అడిగి ఇల్లిచ్చే పద్ధతి మన దగ్గర ఇంకా పోలేదు. అది తప్పన్న సంగతి పక్కన పెట్టినా, అద్దె వసూలుకి అది ఏ రకంగానూ పనికిరాదు. పైగా నెల్లూరులో ఇల్లిచ్చి చేపల పులుసు వండొద్దంటే ఎట్టా? వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి, సరిపోతుంది.

బ్యాచిలర్లని వద్దనేవాళ్లు ఎక్కువ గానీ, ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లు పద్ధతిగా ఉంటే కుటుంబాలకంటే సులువు. రెండు షరతులు చాలు. అగ్రిమెంటులో అందరి పేర్లూ, సంతకాలూ ఉండాలి. అద్దె మొత్తం ఒకరి దగ్గర్నుంచే, ఒకేసారి రావాలి. ‘నా వాటా నేనిచ్చాను, వాడే ఇవ్వలేదంకుల్’ అన్న మాట వినే పని మీకు ఉండకూడదు. ఒకరు వెళ్లిపోయి ఇంకొకరు వస్తే కొత్త మనిషి ఆధార్ జిరాక్స్ మీ చేతికి వచ్చాకే సామాను లోపలికి రావాలి.

ఇంకో రకం ఉంది. పెద్ద ఇల్లు చూసి, అద్దె బేరమాడకుండా ఒప్పుకుని, నెల తిరిగేసరికి లోపల పన్నెండు మంచాలు వేసి హాస్టల్ నడిపేవాళ్లు. అడిగిన అద్దెకి వెంటనే సరేనన్నవాళ్లని కుటుంబంతో ఒకసారి రమ్మనండి. ఇంట్లో ట్యూషన్ సెంటరో, బ్యూటీ పార్లరో పెట్టినా చిక్కే. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిస్తే విద్యుత్ సంస్థ కేసు రాసేది సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్ల మీద, అంటే మీ మీద.

ఆధార్, ఉద్యోగం ఐడీ కార్డు, ఒక ఫొటో, సొంతూళ్లో ఒకరి ఫోన్ నంబరు తీసుకోండి. ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకుని ఇంకొకటి మీ పరిధిలోని పోలీస్ స్టేషన్లో ఇస్తే మీకే మంచిది.

కాగితం మీద ఏం రాయాలి

అడ్వాన్స్ రెండు మూడు నెలల అద్దె తీసుకోవడం మామూలు. ఇందులో అసలు ప్రమాదం చివర్లో వస్తుంది. ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు అద్దె ఆపేసి ‘అడ్వాన్సులో తగ్గించుకోండి’ అంటారు. సరేనన్నారో, వాళ్లు వెళ్లే రోజుకి మీ చేతిలో ఏమీ ఉండదు. పగిలిన వాష్ బేసిన్‌కీ, ఆఖరి కరెంటు బిల్లుకీ అడగడానికి ఆధారం పోతుంది. అడ్వాన్స్ అద్దెకి జమ కట్టబడదు, ఇల్లు అప్పజెప్పిన రోజే తిరిగి ఇవ్వబడుతుంది అని విడిగా ఒక వాక్యం రాయించండి, చదివి వినిపించండి.

పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది డాక్యుమెంట్ రైటర్ల దగ్గర్నుంచి జిరాక్స్ షాపు వాళ్ల దాకా అందరి నోటా వినే మాట. దేశంలో చాలాచోట్ల అది నిజమే. మన రాష్ట్రంలో మాత్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి వచ్చిన సవరణతో, కాలం ఎంతన్న దానితో పని లేకుండా అద్దె ఒప్పందాలన్నీ రిజిస్టర్ చేయాల్సిన పత్రాల్లోకి వచ్చాయి. చిన్న పోర్షన్లకి బాండు పేపరు మీద రాసుకుని నోటరీతో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. అది మనుషుల మధ్య మాటకి సాక్ష్యంలా పనికొస్తుంది గానీ, కోర్టు దాకా వెళ్తే బలం తక్కువ. షాపు, గోడౌన్, పెద్ద ఫ్లాటు లాంటివైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లడానికి బద్ధకించకండి.

కాగితంలో తప్పకుండా ఉండాల్సినవి: అద్దె, అది ప్రతి నెలా ఏ తేదీలోపు, ఏడాదికి ఎంత శాతం పెంపు, ఖాళీ చేయాలంటే ఇరువైపులా ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఎంతమంది ఉంటారు, ఇంకొకరికి అద్దెకివ్వకూడదు, ఇల్లు ఉండడానికే తప్ప వ్యాపారానికి కాదు. పెంపు శాతం ఇప్పుడే రాసేస్తే ఏడాది తర్వాత ‘పెట్రోలు పెరిగింది, పాలు పెరిగాయి’ అని మీరు కథ చెప్పుకోనక్కర్లేదు. ఖాళీ చేసేటప్పుడు గోడలకి సున్నం వేయించడానికని ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు మీకుంటే అదీ రాయండి. రాయకుండా చివర్లో పట్టుకుంటే అది దోపిడీ కిందే లెక్క.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెకున్నవాళ్లదే అయిపోతుందని భయపడి, బాగున్న కుటుంబాన్ని కూడా రెండేళ్లకోసారి మార్చే ఓనర్లున్నారు. మీ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్లకి అలా హక్కు రాదు. అద్దె ఇచ్చిన రుజువు, ఒప్పందం మీ దగ్గర భద్రంగా ఉంటే చాలు. మంచివాళ్లు దొరికితే పదేళ్లున్నా ఉండనివ్వండి.

తాళం ఇచ్చే రోజు

వాళ్లని వెంటబెట్టుకుని ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీయండి. ఫ్యాన్లన్నీ వేసి, కుళాయిలన్నీ తిప్పి, ఫ్లష్ నొక్కి, కిటికీ అద్దాలు, గడియలు చూపిస్తూ తీయండి. అప్పటికే ఉన్న గీతలు, పగుళ్లు మీరే ఎత్తి చూపండి. ఆ వీడియో అప్పటికప్పుడే వాళ్ల వాట్సాప్‌కి పంపండి. తేదీతో సహా ఇద్దరి దగ్గరా ఉంటుంది.

కరెంటు మీటరు రీడింగ్ ఫొటో అందరూ తీస్తారు, అంతటితో అయిపోయిందనుకుంటారు. కాదు. ఇంధన సర్దుబాటు చార్జీ ఉంది చూశారూ, అది ఎప్పుడో వాడిన కరెంటుకి ఎప్పుడో వచ్చి పడుతుంది. 2022-23లో వాడినదానికి 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేశారు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఏసీ వేసుకుని పడుకున్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు, బిల్లు చేతికొచ్చేది కొత్తవాళ్లకి. ‘మేం దిగకముందుదానికి మేమెందుకు కట్టాలాంటీ?’ అని అడిగితే వాళ్లదే న్యాయం. కాబట్టి దిగే రోజే చెప్పేయండి: మీరు రాకముందు వాడకానికి వచ్చే సర్దుబాటు మాది, మీరు ఉన్న నెలలది మీది. వెళ్లేవాళ్లతో ఒక చిన్న మొత్తానికి మాట్లాడుకుని అక్కడికి తెంచుకోండి. ఏళ్ల తర్వాత ఫోన్ చేసి మూడొందలు అడగడం ఎవరికీ బాగుండదు.

అలాగే కరెంటు వాళ్లు ఏసీడీ అని అదనపు డిపాజిట్ అడుగుతారు. అది సర్వీసు పేరు మీద నిలిచి ఉండే డబ్బు, మీదే. అద్దెకున్నవాళ్ల చేత కట్టించకూడదు. కంగారులో వాళ్లు కట్టేస్తే అద్దెలో తగ్గించండి.

వాళ్లు ఉన్నంతకాలం

అద్దె ఫోన్‌పేలోనో, బ్యాంకు ఖాతాకో రావడమే మేలు. నగదు తీసుకుంటే రసీదు ఇవ్వండి. తేదీ దాటిన మూడో రోజు మామూలుగా ఒక ఫోన్. ‘జీతం ఇంకా పళ్లేదన్నా, శుక్రవారం ఏస్తా’ అంటే శుక్రవారం దాకా ఆగండి, శనివారం మళ్లీ అడగండి. మొహమాటపడి అడగకుండా మూడు నెలలు వదిలేస్తే ఆ బాకీ వాళ్లకీ కొండంత అవుతుంది, తర్వాత మీరు ఫోన్ చేస్తే ఎత్తరు. ఆలస్యం రెండో నెల కూడా జరిగితే ఇంటికెళ్లి కూర్చుని మాట్లాడి, ఎప్పుడెంత ఇస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి.

రిపేర్ల సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. గోడ లోపలివి, స్లాబు, మోటారు, పైపులైను, సెప్టిక్ ట్యాంకు మీవి. బల్బులు, కుళాయి వాషర్లు, వాళ్లు పగలగొట్టినవి వాళ్లవి. ప్లంబర్ నంబరు, ఎలక్ట్రీషియన్ నంబరు ముందే ఇచ్చేసి, అయిదారు వందల లోపు పని అయితే చేయించుకుని బిల్లు పంపమనండి. ప్రతి కుళాయికీ మిమ్మల్ని పిలిచే బాధ తప్పుతుంది.

నీళ్లే అన్నిటికంటే పెద్ద తగువు. మోటారు ఎవరు ఎప్పుడు వేయాలో రాసి స్విచ్చు దగ్గర అంటించండి. ట్యాంకు నిండగానే ఆగిపోయే ఆటోమేటిక్ స్విచ్చు పెట్టిస్తే సగం గొడవ పోతుంది. దర్గామిట్టలో, స్వర్ణాల చెరువు చుట్టుపక్కల ఇళ్లున్నవాళ్లు రొట్టెల పండగ వారంలో ట్యాంకు లెక్కలు వేయకండి. ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు, మీ ఇంటికి కూడా.

ఇంకొకటి, చెప్పకుండా పోర్షన్‌లోకి వెళ్లకండి. ఇల్లు మీదే, కానీ కాపురం వాళ్లది. డాబా మీదకి వెళ్లే దారి వాళ్ల వసారాలోంచి ఉంటే ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఖాళీ చేయించాల్సి వస్తే

చాలాసార్లు కూర్చుని మాట్లాడితే తేలిపోతుంది. పిల్లల పరీక్షలయ్యే దాకా ఉండనివ్వమంటే ఉండనివ్వండి, తేదీ మాత్రం కాగితం మీద పెట్టించుకోండి. వినకపోతే నోటీసు ఇవ్వాలి. నెలనెలా అద్దె లెక్కన ఉన్నవాళ్లకి, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు. లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకుంటే రుజువు ఉంటుంది. అప్పటికీ కదలకపోతే కోర్టే దారి.

కోపంలో కరెంటు ఫ్యూజు పీకడం, నీళ్లు ఆపడం, వాళ్లు లేనప్పుడు తాళం వేయడం, సామాను బయట పెట్టించడం ఒక్కటి చేసినా కేసు తిరగబడి ముద్దాయి మీరవుతారు. నలుగురు పెద్దమనుషుల్ని తీసుకెళ్లి మాట్లాడించండి, మనుషుల్ని పంపించి బెదిరించకండి.

మామూలుగా వెళ్లిపోయేవాళ్ల విషయంలో, సామాను ఎక్కిన తర్వాత ఖాళీ ఇంట్లో పాత వీడియో పక్కన పెట్టుకుని చూడండి. మేకుల రంధ్రాలు, మామూలు అరుగుదల పట్టించుకోకండి. నిజంగా పాడైన వాటికి కొన్న రేటు చూపించి పట్టుకుని, మిగతా అడ్వాన్స్ ఆ రోజే పంపేయండి. ‘కొత్తవాళ్లు దిగాక ఇస్తాను’ అనడం మన ఊళ్లో బాగా అలవాటైన చెడ్డ పద్ధతి.

పన్నులు

మునిసిపల్ ఇంటి పన్ను ఓనరుదే. ఏడాదిది మొత్తం ఏప్రిల్లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది.

ఆదాయపు పన్ను లెక్కకి భయపడి కొందరు ఓనర్లు పాన్ నంబరు ఇవ్వరు. అద్దె ఏడాదికి లక్ష దాటితే, అంటే నెలకి 8,333 దాటితే, హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఉద్యోగులు తమ ఆఫీసులో ఓనరు పాన్ ఇవ్వాలి. ఇవ్వనంటే మంచి ఉద్యోగస్తులు మీ ఇల్లు వదిలేసి పోతారు. నిజానికి లెక్క అంత భారం కాదు. నెలకి 10,000 చొప్పున ఏడాదికి 1,20,000 వచ్చిందనుకోండి. అందులో మీరు కట్టిన ఇంటి పన్ను, ఉదాహరణకి 6,000, తీసేస్తే 1,14,000. అందులో 30 శాతం, అంటే 34,200, రిపేర్లకి ఖర్చు పెట్టినా పెట్టకపోయినా తీసేస్తారు. ఆదాయంలో కలిసేది 79,800 మాత్రమే. ఇంటి లోను ఉంటే వడ్డీకి కూడా తగ్గింపు ఉంటుంది.

ఫ్లాటు అమెరికాలో ఉన్న అబ్బాయి పేరునో, అమ్మాయి పేరునో ఉంటే మాత్రం సంగతి వేరు. ఓనరు ప్రవాసి అయితే అద్దె ఎంత చిన్నదైనా కట్టేవాళ్లు అందులోంచి టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం దాకా అవుతుంది. రిటర్ను వేస్తే ఎక్కువ పట్టుకున్నది వెనక్కి వస్తుంది. ఈ సంగతి అద్దెకొచ్చేవాళ్లకి ముందే చెప్పండి, మొదటి నెల చలానా ఎలా కట్టాలో మీ ఆడిటర్ చేత వాళ్లకి చూపించండి. అద్దె తండ్రి ఖాతాలో వేయించుకుంటే సరిపోతుందనుకోకండి. ఇల్లు ఎవరి పేరున ఉందో ఆదాయం వాళ్లదే.